లెన్సుకు కుళాయి నీళ్లు వద్దు

1961 క్రిస్మస్ రోజుల్లో చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లె ఇంట్లోనే ఓ యంత్రం బిగించారు. సరంజామా ఏమిటయ్యా అంటే, పిల్లలు ఆడుకునే బొమ్మల సెట్టు, ఒక సైకిల్ డైనమో! గిర్రున తిరిగే ఆ యంత్రంలోనే తొలి మెత్తటి కాంటాక్ట్ లెన్సులు తయారయ్యాయి.

లెన్సు అప్పుడూ ఇప్పుడూ కూర్చునేది కార్నియా మీదే. ఆ పారదర్శక పొరలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచే అందాలి. లెన్సు తీయకుండా నిద్రపోతే పైన రెప్ప, కింద లెన్సు. పాపం, కార్నియాకు ఊపిరాడేదెలా? ఇన్ఫెక్షన్ ముప్పు కొన్ని రెట్లు పెరిగేది అప్పుడే.

అంతకన్నా మొండిది నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి. కుళాయిలో, బావిలో, ఈత కొలనులో ఎక్కడైనా ఉండొచ్చు. లెన్సును పట్టుకుని కంట్లో చేరిందంటే నెలల తరబడి మందులు వాడాల్సిందే, చూపూ పోవచ్చు. అందుకే స్నానానికి ముందే లెన్సు తీసేయాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకున్నాకే దాన్ని ముట్టుకోవాలి. లెన్సు దాచే డబ్బీ మూత లోపలి అంచును వేలితో రాసి చూడండి, జిగురు తగిలితే ఆ డబ్బీ చెత్తబుట్టకే. లెన్సు నానబెట్టిన నిన్నటి ద్రావణంలో కొత్తది కలపడం పొదుపు కాదు, పిసినారితనం. పెళ్లిళ్లలో రంగు లెన్సులు ఒకరివి ఒకరు పెట్టుకోవడం మరీ ఘోరం.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసేయండి. మందుల షాపు చుక్కలతో సరిపెట్టకుండా, లెన్సునూ డబ్బీనీ వెంటబెట్టుకుని ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.