కొండ ఎక్కడికీ పోదు



మన పెద్దలు మనకు రెండు మాటలు అప్పగించి వెళ్లారు. ఒకటి, "ఆలస్యం అమృతం విషం". రెండవది, "నిదానమే ప్రధానం". రెండూ అనుభవంలోనుంచి పుట్టినవే, రెండూ నిజమే. కాని ఒకే ఇంట్లో, ఒకే పూట, ఒకే విషయం మీద రెండూ వినిపిస్తే మనం ఏది పాటించాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉస్మాన్‌గంజ్‌లోనో, అబిడ్స్‌లోనో, నాంపల్లిలోనో ఉన్న ఒక కతోలిక కుటుంబం. ఆగస్టు 15 దగ్గర పడింది. దేశానికి స్వాతంత్ర్య దినం, మనకు మరియమాత మోక్షారోపణ మహోత్సవం. బడికి సెలవు, దుకాణాలకు సెలవు. ఉదయం పూజ ముగించుకుని, నాంపల్లిలో రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, అనంతగిరి కొండల్లో అడవి బాటల వెంట నడిచి, సాయంత్రానికి ఇల్లు చేరాలని పిల్లలు నెల ముందే నిర్ణయించుకున్నారు. పులిహోర ఎవరు చేయాలో, మంచినీళ్ల డబ్బా ఎవరు మోయాలో కూడా తేలిపోయింది. తీరా నాలుగు రోజుల ముందు ముసురు పట్టింది. "బాటంతా బురదగా ఉంటుంది, ఇప్పుడొద్దు, వానలు తగ్గాక పోదాం" అంటుంది అమ్మ. "బురదకు భయపడితే ఎలాగమ్మా? కాళ్లు కడుక్కుంటే పోతుంది" అంటాడు కొడుకు. నాన్న వార్తాపత్రిక చాటున తల దాచుకుంటాడు.

విషయం చిన్నదే. కాని దానిలో పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. అనుకున్నదాన్ని వాయిదా వేయడం పిరికితనమా, వివేకమా? ఏది వాయిదా వేయవచ్చు, ఏది వేయకూడదు?

ముందుగా బురద సంగతి చూద్దాం. బురద మన కాళ్లకు ఏం చేస్తుందో మనకు తెలుసు. మన కాళ్లు బురదకు ఏం చేస్తాయో మాత్రం ఆలోచించం. కొండబాట మీది ఎర్రమట్టి ఎండాకాలంలో ఇటుకలా గట్టిగా ఉంటుంది. వాన తాగి నానినప్పుడు అడుగు వేస్తే దిగబడుతుంది. దిగబడిన అడుగు గుంట అవుతుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి. వెనక వచ్చేవాడు ఆ నీళ్లు తప్పించుకోవడానికి పక్కనున్న గడ్డిమీద అడుగేస్తాడు. అతని వెనకవాడు మరికొంచెం పక్కకు జరుగుతాడు. ఇలా ఒక మనిషి పట్టే కాలిబాట బండి పట్టేంత వెడల్పవుతుంది. గడ్డి చస్తుంది. మట్టిని పట్టి ఉంచిన వేరు పోతుంది. తర్వాతి వానకు ఆ బాటే కాలువ అవుతుంది. కొండ తన పైమట్టిని ఆ కాలువలో పోగొట్టుకుంటుంది. అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. కొట్టుకుపోవడానికి కొన్ని వానలు చాలు.

ఆ మట్టి, ఆ నీరు ఎక్కడికి పోతాయి? ఉస్మాన్‌గంజ్ వాసులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. అఫ్జల్‌గంజ్ పక్కగా పారే మూసీకి పుట్టినిల్లు ఆ అనంతగిరి కొండలే. అక్కడ కురిసిన వాన గండిపేట మీదుగా మన వాకిట్లోకి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఆ మూసీయే పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ విషాదం తర్వాతనే 1920లో గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పదిమంది పిల్లలు అనంతగిరిలో బురద తొక్కితే నగరానికి వరద వస్తుందని నేను అనడం లేదు. కొండమీద చేసింది కొండమీదే ఆగిపోదని మాత్రం అంటున్నాను. మనం తొక్కే నేల మనకంటె ముందు ఉంది, మన తర్వాత ఇంకొకరికి కావాలి.

ఈ సంగతి ఇతర దేశాలవారు కూడా గ్రహించారు. మన తెలుగు పిల్లలు ఎందరో వెళ్లి స్థిరపడిన అమెరికాలో, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో వసంతమే బురదకాలం. చలికి గడ్డకట్టిన నేల పైనుంచి కరుగుతూ వస్తుంది, లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది. కరిగిన నీరు ఇంకే దారి లేక పైనే నిలుస్తుంది. అందుచేత వెర్మాంట్ రాష్ట్రంలో మార్చి చివరినుంచి మే చివరివరకు ఎత్తైన కొండబాటలకు రావద్దని ప్రజలను కోరతారు. న్యూయార్క్ రాష్ట్రంలో అడిరాండాక్ కొండల్లో 2,500 అడుగులకు పైనున్న బాటలకు వసంతకాలంలో వెళ్లవద్దని ప్రభుత్వ పర్యావరణ శాఖ విజ్ఞప్తి చేస్తుంది. మనకు వసంతం పొడికాలం, తొలకరి దాటాకే బురదకాలం. మన నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని కూడా ఏటా జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు సందర్శకులకు మూసి ఉంచుతారు. కాలాలు వేరైనా నీతి ఒకటే. నేల నానినప్పుడు దాన్ని దాని మానాన వదిలేయాలి.

"మాకు ఏమైనా అయితే మేమే పడతాం" అనే మాట యువకుల నోట తరచుగా వింటాం. ఆ మాట ధైర్యంగా వినిపిస్తుంది గాని నిజం కాదు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర ముత్యాలధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. వారిని బయటకు తేవడానికి విపత్తు దళాలవారు, పోలీసులు రాత్రివేళ ఆ వానలో, ఆ అడవిలోకి వెళ్లవలసి వచ్చింది. క్షేమంగా తెచ్చారు, దేవునికి వందనాలు. కాని ఆ రాత్రి తాడు పట్టుకుని వాగులో దిగినవారికి కూడా ఇళ్లలో తల్లులున్నారు గదా! మన సాహసానికి మూల్యం ఎప్పుడూ మనమొక్కరమే చెల్లించం.

అయితే ఆగిపోవడమే మంచిదా? ధైర్యం సుగుణం కాదా? తప్పకుండా సుగుణమే. కాని శ్రీసభ బోధించే నాలుగు మూల సుగుణాల్లో వివేకానిది మొదటి స్థానం. ధైర్యం దాని వెనక నడవాలి. వివేకం లేని ధైర్యాన్ని మన భాషలో తెంపరితనం అంటారు. ఈ తేడా మన గంజి బజారు వ్యాపారులకు ఎవరూ నేర్పనక్కరలేదు. జోరున వాన కురుస్తుంటే మిరప బస్తాల లారీ వచ్చి నిలిచిందనుకోండి. టార్పాలిన్ విప్పి సరుకు దించమని ఏ షావుకారైనా చెబుతాడా? వాన తెరిపి ఇచ్చేదాకా ఆగుతాడు. అతన్ని పిరికివాడని ఎవరూ అనరు.

అపోస్తలుల కార్యముల గ్రంథం 27వ అధ్యాయంలో ఇటువంటి సందర్భమే కనిపిస్తుంది. పునీత పౌలుగారిని ఖైదీగా రోముకు తీసుకుపోతున్న ఓడ క్రేతు ద్వీపంలో ఒక రేవులో ఆగింది. ప్రయాణకాలం దాటిపోయింది. ఇప్పుడు బయలుదేరితే సరుకుకు, ఓడకు, ప్రాణాలకు కూడా ముప్పని పౌలుగారు హెచ్చరించారు. శతాధిపతి ఆయన మాటకంటె ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట ఎక్కువగా నమ్మాడు. చలికాలం గడపడానికి ఆ రేవు సౌకర్యంగా లేదని ఎక్కువమంది పోదామన్నారు. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఇంకేం, అనుకున్నది జరిగినట్లే అని లంగరు ఎత్తారు. తర్వాత తుపాను, 14 రోజుల భయం, సముద్రంలో పారవేసిన సరుకు, మాల్టా తీరంలో ముక్కలైన ఓడ. దేవుని దయవల్ల 276 మంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ ఓడలో ఎవరూ దుర్మార్గులు కారు. వారిని మోసగించింది తుపాను కాదు, మొదట వీచిన ఆ మెత్తని గాలి. ఆగస్టు 15 ఉదయం కాసేపు ఎండ కాయగానే "చూశావా అమ్మా, వాన పోయింది" అని చెప్పులు తొడుక్కునే పిల్లవాడికి ఈ కథ గుర్తు చేయండి. పైన ఎండ కాసినంత మాత్రాన కింద నేల ఆరదు.

కొండలంటే శ్రీసభకు పడదని ఎవరూ అనుకోవద్దు. 11వ పయస్ పోపుగారు యువ గురువుగా ఉన్నప్పుడు గొప్ప పర్వతారోహకులు. 1889లో ఆల్ప్స్ పర్వతాల్లోని మోంటే రోసా శిఖరాన్ని కష్టమైన తూర్పువైపునుంచి ఎక్కారు. పోపుగారైన తర్వాత 1923లో పర్వతారోహకులకు పాలక పునీతునిగా మెంథోన్ బెర్నార్డుగారిని ప్రకటించారు. ఈ బెర్నార్డుగారు శిఖరాలెక్కి పేరు తెచ్చుకున్నవారు కారు. 11వ శతాబ్దంలో ఆల్ప్స్ కనుమ మీద సత్రం కట్టించి, మంచులో చిక్కుకున్న బాటసారులకు ఆశ్రయం ఇచ్చినవారు. కొండలెక్కేవారికి ఆదర్శంగా శ్రీసభ నిలిపింది ఇతరుల క్షేమం చూసిన మనిషిని. ఇది గమనించదగిన విషయం.

ఇంతవరకు అమ్మ పక్షం మాట్లాడాను. ఇప్పుడు కొడుకు పక్షం కూడా వినాలి. వాయిదా అనేది పెద్దల చేతిలో చాలా సులువైన ఆయుధం. "తర్వాత చూద్దాం" అనే మాటకు చాలా ఇళ్లలో "ఎప్పుడూ లేదు" అని అర్థం. పిల్లలకు ఆ అర్థం బాగా తెలుసు. అందుకే వారు బురదతో కాదు, ఆ మాటతో పోట్లాడతారు. పైగా వాయిదా అందరికీ ఒకే ధరకు దొరకదు. కారు, సెలవు, డబ్బు ఉన్నవానికి ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం. టోకు దుకాణంలో లెక్కలు రాసే కుర్రవాడికి ఏడాదిలో రెండో మూడో సెలవులు. వాటిలో ఒకటి పోతే అతనికి నిజంగా పోయినట్లే. మోకాళ్లు పట్టేస్తున్న నాయనమ్మకు వచ్చే ఏడాది కొండ ఉంటుంది, నడిచే శక్తి ఉంటుందో లేదో. "కొండ ఎక్కడికీ పోదు" అనడం నిజమే. మనుషులు పోతారు.

అందుచేత వద్దని చెప్పే అధికారం ఉన్నవారికి ఒక బాధ్యత కూడా ఉంది. వాయిదా వేసేవారు తేదీ కూడా చెప్పాలి. వానలు తగ్గాక ఫలానా నెల, ఫలానా ఆదివారం అని చెప్పి, దానికి కట్టుబడాలి. ఆ కుర్రవానికి ఆ రోజు సెలవు ఇప్పించడానికి యజమానితో మాట్లాడాలి. నాయనమ్మ కోసం కొండబాట కాకుండా బండి వెళ్లే తారురోడ్డు వెంట చూడగలిగిన చోటు ఏదో వెదకాలి. వాయిదా భారం అడిగినవాడి నెత్తిన మాత్రమే పెట్టి, వేసినవాడు హాయిగా కూర్చుంటే అది వివేకం కాదు, పెత్తనం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఏది వాయిదా వేయవచ్చు? వాన కురిసే జూలై ఉదయం ఉస్మాన్‌గంజ్ వీధిలో ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. నెత్తిన గోనెసంచి ముసుగు వేసుకుని, అదే బురదలో బస్తాలు మోసే హమాలీ కనిపిస్తాడు. పని దొరికితే అతను వాయిదా వేసుకోలేడు. సాయంత్రం అతని పొయ్యి వెలగాలి. కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదని పాత నిబంధన ధర్మశాస్త్రం చెప్పింది అందుకే. అదే ధర్మశాస్త్రం నేలకు కూడా ఏడేళ్లకొకసారి విశ్రాంతి ఇవ్వమంది. ఈ రెండు ఆజ్ఞలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన రెండు సామెతల తగాదా తీరిపోతుంది. నా సరదా వాయిదా వేయవచ్చు, ఎదుటివానికి నేను బాకీ ఉన్నది వాయిదా వేయకూడదు. నా విహారం దగ్గర నిదానం ప్రధానం. ఇతరులకు చెందవలసిన కూలి, క్షమాపణ, పరామర్శ దగ్గర ఆలస్యం విషం.

విచారమేమిటంటే మనం సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తాం. విహారయాత్రకు వాన అడ్డు రాదు. ఆసుపత్రిలో ఉన్న పక్కింటి పెద్దాయనను చూడడానికి మాత్రం "ఈ వానలో ఏం పోతాం, తెరిపి ఇచ్చాక చూద్దాం" అంటాం. కొండకు పోవడానికి నెల ముందే తేదీ పెట్టుకుంటాం. ఆస్తి పంపకంలో మాట పట్టింపు వచ్చి మాటలు మానేసిన అన్నదమ్ములను పలకరించడానికి ఏళ్లు గడిచినా తేదీ దొరకదు.

కాబట్టి పాఠకులారా, ఈ వానాకాలంలో మీ ఇంట్లో ఏదైనా ప్రయాణం ఆగిపోతే పిల్లలను కసరకండి. వారి ముందే క్యాలెండరు తీసి, కొత్త తేదీ చుట్టూ గీత గీయండి. ఆ తర్వాత గొడుగు తీసుకుని, ఇన్నాళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన ఆ ఒక్క ఇంటికి వెళ్లి రండి. వీలైతే పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లండి.