ముక్కలు దించుట, చాప విడుచుట

ఓటమిని ముందుగానే యొప్పుకొనుట పిరికితనమా, వివేకమా? పల్లెలలో మీరు చూచియున్న పేకాటయే దీనికి కొంత జవాబు చెప్పుచున్నది.

పదమూడు ముక్కల రమ్మీలో, సాధారణముగా, మొదటి ముక్క తీయకమునుపే ఆట విడిచినవానికి 20 పాయింట్లు పడును. ఒకమారు తీసిన పిమ్మట విడిచిన 40. కడవరకు కూర్చుండి ఓడినచో 80 వరకు పడవచ్చును. కాసినోలలో ఆడు బ్లాక్‌జాక్ అను ఆటలోను కొన్నిచోట్ల ఇట్టి నిబంధన కలదు. మొదటి రెండు ముక్కలు చూచి, పందెములో సగమిచ్చి తప్పుకొనవచ్చును. ఆ లెక్కను మన మార్కాపురపు పలకమీద వేసి చూడుడి. నూరు రూపాయల చొప్పున నాలుగు పందెములలో ఒకటి గెలిచి మూడు ఓడిన, నష్టము 200. నాలుగింటను సగము విడిచినను నష్టము 200. కావున నాలుగింట ఒకటైనను గెలువలేని ముక్కలు వచ్చినప్పుడే విడుచుట మేలు.

ఇది పిరికితనము కాదు. తనకు రెండింతల సైన్యము ఎదురు వచ్చుచుండగా, దూరముననే సంధికి మనుష్యులను పంపు రాజును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరుగుదురు.

లెక్క యింత తేటగా నుండగా మనుష్యుడేల విడువడు? పోయినదానిని రాబట్టవలెనను ఆశయే కారణము. రెండు బోర్లు ఎండిపోగా మూడవదానికి అప్పు చేయు రైతును నిందింపరాదు. పైరుకు నీరు కావలెను. అయినను అతడు అడుగవలసినది భూమిలో నీరున్నదా యనియే గాని, పోయిన సొమ్మెంత యని కాదు.

రమ్మీ ముఖ్యముగా నేర్పుగల ఆటయని 1967లో సుప్రీంకోర్టు చెప్పెను గదా యని యొకరనవచ్చును. నిజమే. ఆట పెట్టించువాడు దానివలన లాభము తీసికొనినయెడల నేరము కావచ్చునని కూడ ఆ తీర్పే చెప్పెను. మరియు నేర్పు ఏ ముక్కలు దించవలెనో తెలుపును గాని, ఎప్పుడు ఇంటికి పోవలెనో తెలుపదు. 20 చొప్పున నాలుగుమారులు వివేకముగా విడిచినను మొత్తము 80యే గదా!

ముక్కలు దించుటకు ఆట వెల నిర్ణయించినది. తరువాతి ఆటకు ముక్కలు పంచకమునుపే చాప విడిచి లేచుటకు ఏ వెలయు లేదు. ఇంట అన్నము పెట్టుకొని మీకొరకు కాచుకొనియున్నవారున్నారు. లేచి రండి.