అడిగేవాడు ఒకడుండాలి

వేదాలను విభజించి, భారతం చెప్పి కూడా వ్యాసుడికి మనసు కుదుటపడలేదు. సరస్వతీ తీరాన ఒంటరిగా కూర్చున్నాడు. ఏదో వెలితి ఉంది, అదేమిటో అంతుపట్టడం లేదు. అప్పుడు నారదుడు వచ్చాడు. వచ్చినవాడు భుజం తట్టి పోలేదు. ధర్మాలను అంత విస్తారంగా చెప్పావు గానీ హరి లీలలను ఆ స్థాయిలో చెప్పలేదు, నీ దిగులంతా అందుకే అని మొహమాటం లేకుండా అనేశాడు. భాగవతం మొదటి స్కంధంలో ఉంది ఈ ఘట్టం. ఆ మాట పడ్డాకే వ్యాసుడు మళ్లీ పూనుకున్నాడు. సగంలో ఆగిన నవలను బీరువాలో దాచుకున్నవారు ఒకసారి తెరిచి చూడవలసిన చోటు అది.

గంజాం జిల్లా బరంపురంలో అలాంటి నవల ఆగడానికి ఒక కారణం అదనంగా ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమైనప్పుడు గంజాంలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రాన్ని వదిలి అందులో చేరింది. బరంపురం వి.వి. గిరి పుట్టిన ఊరు, ఆంధ్ర భాషాభివర్ధనీ సమాజం ఉన్న ఊరు. ఇళ్లలో తెలుగు నిలిచింది, బడుల్లో ఒడియా, ఇంగ్లీషు పెరిగాయి. ఇక్కడ తెలుగులో రాయడానికి కూర్చున్నవారికి నాలుగు అధ్యాయాలు గడిచేసరికి సందేహం పట్టుకుంటుంది. ఇది చదివేదెవరు? మనవడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.

గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం ఈ సందేహానికి దగ్గరగా వస్తుంది. 19వ శతాబ్దంలో జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వెలసిన నాటకమది. ఆ జలంత్రకోట ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకం మాత్రం ఒడియావారి సొత్తయింది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద, పైమెట్టున సింహాసనంలో హిరణ్యకశిపుడు కూర్చుంటాడు. భాగవతంలో ఆ తండ్రి కొడుకును ఒళ్లోకి తీసుకుని, గురువుల దగ్గర ఏం నేర్చుకున్నావని అడుగుతాడు. ప్రహ్లాదుడు తొమ్మిది భక్తి మార్గాలు చెబుతాడు. శ్రవణం మొదటిది, కీర్తనం రెండోది. ఆ వరస ఊరికే కుదిరిందని నేననుకోను. పాడేవాడి కన్నా ముందు వినేవాడిని కూర్చోబెట్టారు.

ఇంట్లో ఆ పిల్లవాడి మాట చెవికెక్కించుకునే నాథుడు లేడు. గురువులు ఇంటి పనుల మీద వెళ్లినప్పుడు తోటి పిల్లలు ఆటకు పిలిస్తే, వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు ఊరుకోలేదు. అంతఃపురం దాటి ఎరగవు, ఇదంతా నీకెవరు చెప్పారని నిలదీశారు. తల్లి కడుపులో ఉండగా నారదుడి మాటలు విన్న సంగతి అప్పుడుగానీ బయటపెట్టలేదు. తండ్రి అడిగినప్పుడు రాని కథ అది. దశమ స్కంధం మొదట్లో శుకుడు పరీక్షిత్తుతో అంటాడు, వాసుదేవుడి కథ గురించి వేసిన ప్రశ్న ముగ్గురిని పవిత్రం చేస్తుందని: చెప్పేవాడిని, అడిగినవాడిని, వినేవారిని. అడిగేవాడికి విడిగా ఒక స్థానం ఇచ్చారు, గమనించండి.

మనవడికి అక్షరం రాదన్న బెంగకు ఒడిశాలోనే ఒక జవాబుంది. 16వ శతాబ్దంలో జగన్నాథ దాసు భాగవతాన్ని ఒడియా చేశాడు. సంస్కృతం తెలియని తల్లి కోసం చేశాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఒక్క శ్రోత కోసం, అదీ ఇంట్లో మనిషి కోసం. తరువాత ఊళ్లలో భాగవత టుంగి అనే చిన్న కొట్టాలు వెలిశాయి. సాయంత్రం దీపం పెట్టి ఒకరు చదివితే చదువు రానివారూ చుట్టూ కూర్చుని వినేవారు. అక్షరాస్యత లేని రోజుల్లో ఒక గ్రంథం ఇంటింటికీ చేరిన దారి అది. నవలకు ఈ దారి పనికిరాదని ఎవరన్నారు? పైకి చదివితే మరో లాభం, ఏ వాక్యం దగ్గర నాలుక తడబడుతుందో అక్కడే కథా కుంటుతోందని తెలిసిపోతుంది. వినేవారిలో మెచ్చుకునేవారు ఎలాగూ ఉంటారు. "మరి ఆ పిల్ల ఏమైంది?" అని అడిగే మనిషి ఒకరుంటే ఐదో అధ్యాయం నడుస్తుంది. అలాంటి మనిషి కావాలంటే ముందు మనం మరొకరి రచన పూర్తిగా విని ఉండాలి, ఇది మాత్రం చాలామంది రచయితలకు నచ్చని షరతు.

ఇంతా చేసి పూర్తి కాకపోతే? నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. పోతన పేరు మీదున్న భాగవతంలో పంచమ స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండూ నారయవి. అయినా మనం దాన్ని పోతన భాగవతమనే పిలుస్తాం, పాపం ఆ ముగ్గురూ కాదనలేదు. అరణ్యపర్వాన్ని ఎర్రన అందుకున్న తీరు ఇంకా చిత్రం. నన్నయ గొంతు పట్టుకుని మొదలుపెట్టి, రాజరాజనరేంద్రుడికే అంకితంగా ముగించాడు. నన్నయకు అంతకన్నా శ్రద్ధ గల పాఠకుడు దొరికాడని అనుకోలేం. కాకపోతే అతను రావడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

అంత ఓపిక పట్టమని ఎవరికీ చెప్పలేం. మనవడు వేసవి సెలవులకు వస్తాడు. మొదటి అధ్యాయం వాడికి చదివి వినిపించవచ్చు. నచ్చకపోతే మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు. ఏ పేజీ దగ్గర లేచాడో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.