పిలిస్తే రాగలిగే దూరం

చదువైపోయాక ఏ ఊళ్లో బతకాలి అన్నది నైతిక ప్రశ్న కాదని చాలామంది అనుకుంటారు. వాళ్ల దృష్టిలో అదొక లెక్క. జీతం ఎంత, ఇంటద్దె ఎంత, ఆఫీసు ఎన్ని కిలోమీటర్లు, నీళ్లకి ఇబ్బంది ఉందా లేదా. మా సాఫ్ట్‌వేర్ వాళ్లయితే ఎక్సెల్‌లో గళ్లు గీసి, ఊరూరికీ మార్కులు వేసి, దేనికెంత ప్రాధాన్యమో అంకెల్లో పెట్టి కూడి చూస్తారు. ఎక్కువ వచ్చిన ఊరు గెలుస్తుంది.

ఈ పద్ధతిని నేను వెక్కిరించను. కానీ ఆ ప్రాధాన్యాలు ఎవరివి అన్న దగ్గరే చిక్కుంది. ఇరవై రెండేళ్ల మనిషి ఇంటద్దెకి పదికి తొమ్మిది ఇస్తాడు, అమ్మానాన్నల దగ్గరకి ఎన్ని గంటల ప్రయాణం అన్నదానికి రెండు ఇస్తాడు. పన్నెండేళ్లు పోయాక అదే మనిషి ఆ రెండంకెల్నీ తారుమారు చేస్తాడు. ఆ మార్పులో వయసు పాత్ర కొంత ఉంటే, మధ్యలో బతికిన ఊరి పాత్ర ఇంకొంత. అమెరికన్ తత్వవేత్త ఎల్. ఎ. పాల్ 2014లో 'ట్రాన్స్‌ఫర్మేటివ్ ఎక్స్‌పీరియన్స్' అనే పుస్తకం రాశారు. కొన్ని అనుభవాలు మన ఇష్టాయిష్టాలనే మార్చేస్తాయి, కాబట్టి మారబోయే మనిషి తరఫున ఇప్పటి మనిషి లెక్క కట్టలేడు అన్నది ఆమె వాదన. బిడ్డను కనడం ఆమె ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. ఊరు మారడం అంత పెద్దది కాకపోయినా ఆ కోవలోదే.

మా పిన్ని కొడుకు పోయినేడు ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. వాళ్లది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గర్లో ఉండే పల్లె. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ వాడికొక ఫారం పంపింది. కింద ఇచ్చిన ఊళ్లలో మీకు నచ్చిన మూడింటిని వరుసగా రాయండి అని. "అన్నా, చెన్నైయా, బెంగళూరా, హైదరాబాదా? ఏది ముందు పెట్టమంటావు?" అని ఫోన్ చేశాడు. ఒక్కోదాని మంచీచెడ్డా అరగంట మాట్లాడుకున్నాం. ఆ జాబితాలో నెల్లూరు లేదు. ఎందుకు లేదని వాడు అడగలేదు. ఎవరూ అడగరు.

ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు ఈ విషయం మీద కాస్త ఆగాలి. ప్లేటో రాసిన 'క్రిటో'లో, జైల్లో ఉన్న సోక్రటీస్‌తో ఏథెన్స్ చట్టాలు మాట్లాడతాయి. యుక్తవయసు వచ్చి, ఈ నగరం తీరు చూశాక, నచ్చనివాడు తన సామాను తీసుకుని ఎక్కడికైనా పోవచ్చు, మేం ఆపం. డెబ్బై ఏళ్లు ఇక్కడే ఉన్నావంటే మాకు ఒప్పుకున్నట్టే కదా, అంటాయి. అంటే ఉండిపోవడమే ఒక మాట ఇవ్వడం. 1748లో డేవిడ్ హ్యూమ్ ఇలాంటి వాదాన్నే తిప్పికొట్టాడు. పరాయి భాష రాని, ఏ రోజు కూలితో ఆ రోజు గడిపే పేదవాడు దేశం వదలకుండా ఉన్నాడంటే అది అతని ఎంపిక ఎట్లా అవుతుంది? నిద్రలో ఉండగా ఓడెక్కించి, చుట్టూ సముద్రం ఉండగా, 'దూకలేదు కాబట్టి కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నావు' అన్నట్టుంటుంది అన్నాడు.

హ్యూమ్ మాటని మా తీరానికి రెండు వైపులా వర్తింపజేయొచ్చు. వెళ్లలేక ఉండిపోయినవాళ్లది ఎంపిక కానట్టే, ఉండే వీలు లేక వెళ్లినవాళ్లదీ ఎంపిక కాదు. కంప్యూటర్ సైన్సు చదివిన కుర్రాడికి నెల్లూరులో ఆ చదువుకి తగ్గ పని దొరకడం కష్టం. కృష్ణపట్నంలో ఓడరేవు ఉంది, థర్మల్ కేంద్రాలున్నాయి, కానీ వాడి చదువుకి కావలసినవి అవి కావు. కాబట్టి వాడు రాసిన మూడూ ఎంపికలే అయినా, వాటికి ముందు జరిగిన అసలు ఎంపిక ఇంకెవరో చేసేశారు.

అట్లాగని ఉండిపోవడం అంటే కదలకుండా కూర్చోవడం అనుకోకూడదు. మా బాబాయి 1990ల మొదట్లో వరి మడి తవ్వి గుంట చేసి టైగర్ రొయ్య వేశాడు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తా గుంటలన్నీ దెబ్బతిన్నాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులు తీసేయమని తీర్పిచ్చింది. తర్వాత కొత్త చట్టాలు వచ్చాయి. 2009లో వనామీకి అనుమతి దొరికాక గుంటలు మళ్లీ నిండాయి. ఇప్పుడు ఆయన రాత్రి రెండింటికి కరెంటు పోతే లేచి, జనరేటర్ వేసి, ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా చూసుకుంటాడు. ఉప్పు పెరిగిన నేలలో ఇంక వరి పండదు. ముప్పై ఏళ్లలో ఆయన ఊరు మారలేదు గానీ, ఊరే ఆయన కింద మూడుసార్లు మారింది. ఉండిపోవడానికి కూడా తెలివీ, తెగింపూ కావాలి. మన వాళ్లు దాన్ని 'ఎక్కడికీ పోలేకపోయాడు' అని తేల్చేస్తారు.

అసలు ఎవరూ ఏమీ అడగని మనుషులూ ఉన్నారు. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. తూర్పున ఎదురుగా బంగాళాఖాతం, భూమధ్యరేఖకి దగ్గర, జనం తక్కువ. కారణాలన్నీ సబబైనవే. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి తొలి రోహిణి-125 ఎగిరింది. కానీ ఆ 'తక్కువ జనం'లో తరాలుగా ఆ అడవిలో బతికిన యానాదులున్నారు. దేశం ఒక స్థలాన్ని ఎంచుకుంది, ఆ స్థలంలో ఉన్నవాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. 'నాకు ఏ నగరం నప్పుతుంది' అని మథనపడేటప్పుడు, ఆ మథనం ఎంత కొద్దిమందికి దొరికే సౌకర్యమో గుర్తుంచుకోవాలి.

నెల్లూరు వాళ్ల విషయంలో ఇంకో విచిత్రం ఉంది. మహానగరం మాకెప్పుడూ సరిహద్దు అవతలకి జరిగిపోతూ ఉంటుంది. మా తాతల కాలంలో మద్రాసు వెళ్లడం అంటే వేరే రాష్ట్రం వెళ్లడం కాదు, తమ రాజధానికి వెళ్లడం. ఇప్పుడు మా జిల్లాకి ఎవరి పేరుందో ఆ పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ఆ మద్రాసులోనే ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. కర్నూలు రాజధాని అయింది. 1956లో హైదరాబాదు అయింది. 2014లో రాష్ట్రం విడిపోయి, 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు కూడా తీరింది. ఇదంతా చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న గూడూరు, సూళ్లూరుపేట వాళ్లు ఇంట్లోనే కూర్చుని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి మారిపోయారు. ఇన్ని చూశాక 'మన నగరం' అన్న మాట మీద ఎక్కువ బరువు పెట్టలేం. ఏ నగరమూ పుట్టుకతో మనది కాదు. అయితే గియితే, అక్కడ ఉంటూ ఉండగా అవుతుంది.

మరి వెళ్లినవాడు ఊరికి ఏమైనా బాకీ ఉంటాడా? ఈ ప్రశ్నకి మా మండలంలోనే పుట్టిన ఒక మనిషి గుర్తొస్తారు. పుచ్చలపల్లి సుందరయ్యగారిది అలగానిపాడు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ, 1930లో ఆ చదువు వదిలి సత్యాగ్రహంలోకి వెళ్లారు. తర్వాత ఊరికొచ్చి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఆయన కథ చెప్పి 'చూడండి, తిరిగి రావాలి' అని నీతి తీయడం తేలిక. నాకు అందులో కనబడేది వేరు. తిరిగొచ్చినవాళ్లంతా సుందరయ్యలు కారు. ఊళ్లోనే ఉండి కూలివాడి ముఖం చూడని భూస్వాములు ఆ రోజుల్లో కొల్లలు, ఆయన పుట్టిందీ భూములున్న కుటుంబంలోనే. ఆయన ఊళ్లో ఉన్నారన్నదానికంటే, ఆ ఊరి మనుషులకి జవాబుదారీగా ఉన్నారన్నదే ముఖ్యం.

మా వాళ్లలో చాలామందికి ఇదే కొరవడిందని నా అభియోగం. ఊరు వదిలారని కాదు, ఎక్కడా ఉండటం లేదని. బెంగళూరులో పదేళ్లుంటారు, కన్నడం ఆటో అతనితో బేరమాడేంత వరకే. వార్డు ఏదో తెలియదు, చెరువు ఎండితే ట్యాంకరుకి ఫోన్ చేస్తారు. ఇటు నెల్లూరులో ఇల్లుంటుంది, ఆధార్ అడ్రసుంటుంది, ఓటుంటుంది, ఊళ్లో డ్రైనేజీ ఎందుకు పొంగిందో మాత్రం తెలియదు. అక్కడ అడిగితే 'మాది నెల్లూరు' అంటారు, ఇక్కడ అడిగితే 'మేం బెంగళూరులో సెటిలయ్యాం' అంటారు.

చట్టానికి కూడా ఈ చిక్కు తెలుసు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ఓటు ఎక్కడ 'సాధారణంగా నివసిస్తారో' అక్కడే, అదీ ఒక్కచోటే. కేవలం సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 20వ సెక్షన్ చెబుతుంది. తాత్కాలికంగా వేరేచోటికి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఒక తరం మొత్తం బతుకుతోంది. తాత్కాలికం అంటే ఎన్నేళ్లు? 2024 మే 13న ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. అంతకు ముందు రెండు రోజులు హైదరాబాదు నుంచి విజయవాడ దారి కార్లతో నిండిపోయింది. సొంతూరి మీద అంత ప్రేమ చూసి ముచ్చటేసింది. అదే సమయంలో, వాళ్ల పిల్లలు చదివే బడి, వాళ్లు నడిచే రోడ్డు ఎవరి చేతిలో పెట్టాలో ఆ రోజు వాళ్లు చెప్పలేదు కదా అని కూడా అనిపించింది.

1945లో పారిస్ ఉపన్యాసంలో సార్త్ర్ తన విద్యార్థి ఒకడి సంగతి చెప్పాడు. ఒంటరి తల్లి దగ్గర ఉండిపోవాలా, ఇంగ్లండు వెళ్లి స్వేచ్ఛా ఫ్రెంచి సైన్యంలో చేరాలా అని ఆ కుర్రాడు అడిగితే, నువ్వు స్వేచ్ఛాజీవివి, నువ్వే తేల్చుకో అన్నాడట. సలహా కోసం ఎవరి దగ్గరికి వెళ్తామన్నదే సగం నిర్ణయం అని కూడా అన్నాడు. నిజమే. మా తమ్ముడు నాకు ఫోన్ చేశాడంటేనే వెళ్లాలని తేలిపోయింది. ఉండిపోయే ఆలోచనుంటే బాబాయిని అడిగేవాడు.

అందుకే వాడికి ఊరి పేరు చెప్పలేదు. ఏది రాసినా రాయి, వెళ్లిన ఏడాదిలోపు ఆ ఊరి భాష చదవడం నేర్చుకో, నీళ్లెక్కడినుంచి వస్తున్నాయో కనుక్కో, అక్కడే ఉండేటట్టయితే ఓటు అక్కడికి మార్చుకో అన్నాను. "ఉద్యోగానికి పోతా ఉంటే ఇయన్నీ ఎందుకన్నా?" అని నవ్వాడు. వాడి నవ్వులో న్యాయం ఉంది. రేపు కంపెనీ ఇంకో ఊరికి పొమ్మంటే ఆ కష్టమంతా వృథా కదా అని వాడి లెక్క. ఎక్సెల్ లెక్కలో అది వృథానే. నా మట్టుకు, ఫారంలో రాసిన రోజున కాక, ఊరిని ఎంచుకోవడం ఇట్లాంటి వృథా పనులతోనే జరుగుతుంది.

పిన్ని మాత్రం ఇంతదూరం ఆలోచించలేదు. నేను అడిగితే, "యాడైతే ఏంది నాయనా, రాత్రి పిలిస్తే తెల్లారేసరికి వచ్చేంత దూరంలో ఉంటే చాలు" అంది. చెన్నై నుంచి మూడు గంటల రైలు, సికింద్రాబాదు నుంచి రాత్రి సింహపురి ఎక్కితే తెల్లారేసరికి నెల్లూరు, బెంగళూరు నుంచి రాత్రి బస్సు. ఆమె కొలతకి మూడూ సరిపోతాయి. ఆమె అడిగింది కిలోమీటర్లు కాదు, పిలిచే హక్కు. ఆ హక్కు కన్న ఊరికి ఉండాల్సిందే. దాంతోపాటు, వెళ్లిన ఊరికి కూడా వాణ్ని పిలిచే హక్కు కొంత ఇవ్వగలిగితే, అప్పుడు వాడు ఆ ఊళ్లో ఉంటున్నాడని అంటాను.