కారులో కుక్కకి చోటివ్వడం మైత్రేనా?

ఈమధ్య మన ఇళ్లలో ఒక కొత్త పంచాయితీ మొదలైంది. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలొచ్చాయి, కిస్తీల మీదైనా సరే ఇంటిముందుకి కారొచ్చింది. దాంతోపాటు ఒక కుక్కపిల్లో, పిల్లిపిల్లో కూడా వచ్చింది. ఊరికి పోవాలన్నా, అక్టోబరులో నాగపూర్ దీక్షాభూమికి బయల్దేరాలన్నా "దాన్ని కూడా తీసుకుపోదాం" అంటారు పిల్లలు. "మనుషులకే చోటు చాలట్లేదు, కుక్కకి సీటా?" అంటారు పెద్దలు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ మాట మీద అత్తాకోడళ్లు రెండు నెలలు మాట్లాడుకోలేదు. కుక్క వెనక సీట్లో కూర్చుంది, పెద్దామె బస్సులో వెళ్లింది. బస్సు ప్రయాణం ఆమెకి కష్టం కాదు. ఆ ఇంట్లో తన చోటు ఎక్కడో తెలిసొచ్చిందే, అదీ ఆమె బాధ.

దీన్ని నవ్వి వదిలేయడానికి లేదు. ఇందులో ఒక అసలైన ప్రశ్న ఉంది. మూగజీవాన్ని ప్రేమగా వెంట తిప్పుకోవడం మైత్రి అవుతుందా, లేక అది కొత్తగా డబ్బు చూసినవాళ్ల మోజేనా?

ముందు పెద్దల మాట విందాం. వాళ్లు ఊరికే అనట్లేదు. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, అంటరానివాళ్లు ముట్టుకోకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగింది ఈ అన్యాయం మీదనే. ఇక బండి సంగతి. 1901లో చిన్నపిల్లవాడైన భీమ్‌రావు తన అన్నతో, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే కోరేగావ్‌కి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగాడు. వీళ్లు మహర్లని తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలని, తను పక్కన నడుస్తానని. విదేశాల్లో పెద్ద చదువులు చదివొచ్చాక, 1929లో చాలీస్‌గావ్‌లోనూ అంతే. టాంగావాలాలు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. తోలడం రాని మనవాడే ఒకాయన టాంగా తోలితే అది బోల్తాపడి బాబాసాహెబ్ కాలు విరిగింది. బండిలో చోటు అనేది మనకి చిన్న మాట కాదు. "వాళ్ల కుక్క బండెక్కింది, మనం వెనక నడిచాం" అని ఒక ముసలమ్మ అంటే అందులో మూడు తరాల జ్ఞాపకం ఉంటుంది.

సరే, మరి తప్పు ఎవరిది? కుక్కదా? చెరువు నీళ్లు తాగిన గేదెదా? పశువుకి నీళ్లు దొరకడం అన్యాయం కాదు, మనిషికి దొరకనివ్వకపోవడమే అన్యాయం. మనల్ని తిట్టడానికి "కుక్కా" అనే మాట వాడారు. ఆ తిట్టు పనిచేయాలంటే ముందు కుక్క నీచమైందని అందరూ ఒప్పుకోవాలి. మనం కూడా ఒప్పుకుంటే ఏమైంది? నిచ్చెన అలాగే నిలబడింది, మనకి కింద ఇంకో మెట్టు దొరికింది, అంతే. బాబాసాహెబ్ కులాన్ని నిచ్చెనమెట్ల అసమానత అన్నది ఇందుకే. పైవాడు తన్నినా, తన్నడానికి తనకింద ఇంకొకడున్నాడన్న తృప్తితో ప్రతివాడూ ఆ నిచ్చెనని మోస్తాడు. మనం దాన్ని కూలగొడతామని దీక్ష తీసుకున్నవాళ్లం. 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది సకల ప్రాణుల పట్ల కరుణ చూపి కాపాడతానన్నది. ‘బుద్ధుడు-అతని ధమ్మం’లో బాబాసాహెబ్ కరుణ దగ్గరే ఆగకుండా మైత్రి దాకా వెళ్లమంటాడు. కరుణ మనుషుల మీద చూపేది, మైత్రి ప్రాణమున్న ప్రతిదానికీ చాచేది అని ఆయన వివరణ. కాబట్టి కుక్కని ప్రేమించడం మన చరిత్రకి ద్రోహం కాదు.

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. కుక్కని ప్రేమించేవాళ్లంతా మైత్రి ఉన్నవాళ్లు అనుకుంటే పొరపాటే. కొన్ని ఇళ్లు చూడండి. కుక్క సోఫా మీద పడుకుంటుంది, ఇల్లు తుడిచే అమ్మ మాత్రం కింద కూర్చోవాలి. కుక్క గిన్నె వంటింట్లో ఉంటుంది, పనమ్మాయి టీ గ్లాసు బయట కిటికీలో ఉంటుంది. మన ఊళ్లలో టీకొట్టు దగ్గర నడిచిన రెండు గ్లాసుల పద్ధతే, అపార్టుమెంటుకి ఎక్కింది. దారిలో కుక్క కోసం కారు ఏసీ ఆపకుండా ఉంచి, డ్రైవర్ని చెట్టుకింద నిలబెట్టే వాళ్లున్నారు. ఈ ప్రేమ ఎక్కడ మొదలైందో అక్కడే ఆగిపోయింది. నాది కాబట్టి ప్రేమిస్తున్నా అన్నది మమకారం, తృష్ణకి అది దగ్గరి చుట్టం. మైత్రికి గుర్తు ఏమిటంటే, అది ఒకచోట పుడితే చుట్టూ పాకాలి. ఇంట్లో కుక్కపిల్ల వచ్చాక ఆ ఇంటివాళ్లు పనిమనిషితో మాట్లాడే తీరు మారిందా లేదా చూడండి, తెలిసిపోతుంది.

జాతక కథల్లో కుక్కుర జాతకం అని ఒకటుంది. పూర్వజన్మల సంగతి పక్కనపెట్టి కథలో నీతి వరకే చూద్దాం. రాజుగారి రథానికి కట్టే తోలు సామాను రాత్రి వానలో తడిసింది. కోటలో పెంచే కుక్కలు దాన్ని కొరికి తినేశాయి. బయటి కుక్కలు తూములోంచి వచ్చి తిన్నాయని రాజుకి చెప్పారు. కనిపించిన కుక్కనల్లా చంపమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు, కోట కుక్కల్ని తప్ప. శ్మశానంలో ఉండే కుక్కల పెద్ద, అతనే బోధిసత్వుడు, సరాసరి కొలువులోకి వెళ్లి అడిగాడు: తిన్నదెవరో తేల్చకుండా బయటివాళ్లనే చంపడం ఏం న్యాయం? మజ్జిగలో గడ్డి కలిపి కోట కుక్కలకి పట్టించమన్నాడు. అవి తోలు ముక్కలు కక్కాయి. రాజు తన తప్పు తెలుసుకుని అన్ని ప్రాణులకీ అభయం ఇచ్చాడు. తప్పు లోపలివాళ్లది, శిక్ష వాడ బయటివాళ్లకి. ఈ కథ మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ న్యాయం ఇప్పుడు మన బస్తీల్లో చూడండి. మోజు తీరాక, కుక్కకి జబ్బు చేశాక, ఇల్లు మారాక కారులో ఎక్కించుకుని ఊరి చివర దింపేసి పోయేవాళ్లున్నారు. అవి చేరేది ఎక్కడికి? చెత్తకుప్పలు ఎక్కువగా, దీపాలు తక్కువగా ఉన్న పేటలకి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేశాయి. పొట్టకూటికి వలసొచ్చిన ఇంటి బిడ్డ అతను. ఒకడు వదిలేసిన బాధ్యత ఇంకొకడి బిడ్డ మీద పడకూడదు. కుక్కకి వేళకి రేబిస్ టీకా, పిల్లలు కనకుండా ఆపరేషన్ చేయించడం ప్రేమలో భాగమే. వదిలేయడం గురించి చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, తగిన కారణం లేకుండా జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం నేరం. వాహనంలో అనవసరంగా బాధపడేలా తీసుకుపోవడం కూడా నేరమే. మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. అంత చవక చట్టం మనల్ని ఆపలేదు. శీలమే ఆపాలి.

ఇంకో మాట. జంతువుని వెంటబెట్టుకుని తిరగడం డబ్బున్నవాళ్ల విద్య అనుకోవడం సరికాదు. గంగిరెద్దులవాళ్లు, ఇంకా ఎన్నో సంచార కులాలవాళ్లు ఎద్దుతో, గాడిదతో, కుక్కతో కలిసే ఊరూరా బతికారు. గుడారంలో రాత్రి కాపలా కుక్కదే. అమెరికాలో 2005లో కత్రీనా తుపాను వచ్చి న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు చాలామంది పేదలు ఇల్లు వదిలి కదలలేదు. కుక్కల్ని, పిల్లుల్ని పడవల్లో, శిబిరాల్లో రానివ్వకపోవడం దానికి ఒక కారణం. మరుసటి ఏడాది, 2006లో అక్కడ చట్టమే తెచ్చారు, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల తరలింపు కూడా ఉండాలని. అక్కడ ఇల్లు పోయి కారులోనే కాపురం ఉండేవాళ్లలో కొందరు, శిబిరంలోకి కుక్కని రానివ్వరని కారులోనే ఉండిపోతారు. ఏమీ మిగలని మనిషికి కూడా "ఇది నామీద ఆధారపడింది" అన్న మాట మిగులుతుంది. దాన్ని మోజు అనగలమా?

ఇక ప్రయాణం సంగతి. ధమ్మంలో మంచి మనసు ఒక్కటే చాలదు, ప్రజ్ఞ కూడా కావాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి. నాకు ఇష్టం కాబట్టి దానికీ ఇష్టమే అనుకోవడం అవిద్య. కుక్క మనిషిని పట్టుకుని బతికే జీవి, మనం ఎక్కడుంటే అదే దాని ఇల్లు. పిల్లి అలా కాదు, ఎక్కువ పిల్లులకి తన చోటే ప్రాణం. దాన్ని కారులో పెడితే ఊళ మొదలెడుతుంది, వదిలేస్తే బ్రేకు కిందకి దూరుతుంది. అందుకని పిల్లిని ఇంటిదగ్గర ఉంచి పక్కింటివాళ్లకి గిన్నె, ఇసుక పళ్లెం అప్పజెప్పడమే చాలాసార్లు మేలు. తప్పనిసరైతే గట్టి గంపలోనో, గాలి ఆడే పెట్టెలోనో ఉంచాలి.

కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. "టీ తాగి వచ్చేస్తాం" అని తలుపు వేసి వెళ్లిన ఆ కాసేపట్లో ప్రాణం పోవచ్చు. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, వాంతి చేసుకుంటుంది. రెండు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టండి, నాలుగడుగులు నడిపించండి. వెనక సీట్లో పట్టీతో కట్టండి, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయండి. టీకా కాగితం వెంట ఉంచుకోండి.

హైదరాబాద్ నుంచి నాగపూర్ దాదాపు 500 కిలోమీటర్లు. దారి పొడవునా ఇవన్నీ పాటించి తీసుకుపోయారే అనుకుందాం. దీక్షాభూమిలో అశోక విజయదశమి రోజు లక్షలమంది ఉంటారు. ఆ డప్పుల్లో, మైకుల్లో, కాళ్ల కింద కుక్కకి ఏం సుఖం? పిల్లాపాపలకి ఎంత భయం? అక్కడికి తీసుకుపోవాలన్న కోరిక దానికోసమా, ఫోటో కోసమా? చేతన ఏమిటో చూసుకోమన్నాడు తథాగతుడు. అదే పని ఊరికి నెలరోజులు పోయేటప్పుడైతే జవాబు మారుతుంది. ఇంట్లో తాళం వేసి వదిలేయడం కంటే వెంట తీసుకుపోవడమే మైత్రి. అహింస బాబాసాహెబ్ దృష్టిలో ఒక సూత్రం, గుడ్డిగా పాటించే నియమం కాదు. ఎప్పుడు ఏది తగునో ఆలోచించుకునే బాధ్యత మనకే వదిలింది ధమ్మం.

మరి ఆ అత్తాకోడళ్ల లాంటి ఇంట్లో ఏం చేయాలి? నా మాట ఇది. ముందు పెద్దామె ఎక్కాలి, ఆమె మోకాళ్లు చాపుకునేంత చోటుండాలి. కుక్క కన్నా ఆమె ప్రాణం విలువ ఎక్కువని కాదు, ఆమె తరం ఎన్నో బండ్ల వెనక నడిచింది కాబట్టి. మిగిలిన చోట్లో కుక్క పడితే పట్టించండి. పట్టకపోతే పక్కింటివాళ్లకి అప్పజెప్పండి, వాళ్లు ఊరెళ్లినప్పుడు మీరు చూడండి. డ్రైవర్ని పెట్టుకుంటే మీతోపాటే, అదే బల్ల మీద భోంచేయించండి. ఆ బాబు, ఆ ముసలమ్మ, ఆ మూగజీవి ముగ్గురూ నిశ్చింతగా ఉన్న బండిని చూసి మన పిల్లలు నేర్చుకుంటారు, ఒకర్ని పైకెక్కించడానికి ఇంకొకర్ని దించక్కర్లేదని.

ఈ పౌర్ణమికి మీ విహారంలో ఈ ప్రశ్న పెట్టి మాట్లాడుకోండి. పెద్దల్ని ముందు మాట్లాడనివ్వండి.

నమో బుద్ధాయ. జైభీమ్.