వారసుని ఋణము

పెద్దలిచ్చిన పాటను మన మెట్లు పాడవలెను? విన్నది విన్నట్లు, అక్షరము తప్పకుండ పాడుట ధర్మమా? లేక మన కాలమునకును, మన యూరికిని, మన గొంతుకును తగినట్లు మార్చుకొనవచ్చునా? మాతృభూమికి దూరముగా తరతరములుగా స్థిరపడిన మనవంటివారికి ఇది కేవలము సంగీతశాస్త్ర విషయము కాదు. ఇంటింట ఎదురగు ధర్మసందేహము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘపు ఉగాది సభలో ఒక కుఱ్ఱవాడు గిటార్ పట్టుకొని, తన మామ్మ పాడెడి దంపుళ్ల పాటను త్వరితగతిలో పాడ నారంభించెను. ఒత్తులు జాఱిపోవుచుండెను, తమిళపు యాస స్పష్టముగా వినవచ్చుచుండెను. ముందు వరుసలో నున్న నేను లేచి, “నాయనా, ఇది మన పాట కాదు, ఆపు” అంటిని. అతడు ఆపెను. మరల మా వేదిక నెక్కలేదు. ఆనాడు సంప్రదాయమును కాపాడితి ననుకొంటిని. ఇప్పుడా నమ్మకము నాకు లేదు. నా మనస్సు మారుటకు దూరదేశపు ఆల్బ మొకటి కారణమైనది.

1982లో లండన్ నగరమందలి కింగ్స్ క్రాస్ ప్రాంతమున ‘పోగ్స్’ అను వాద్యబృందము పుట్టినది. దాని ముఖ్యగాయకుడు షేన్ మెక్‌గావన్ 1957లో ఇంగ్లండు లోని కెంట్ సీమలో ఐరిష్ తలిదండ్రులకు జన్మించి, బాల్యమున కొంతకాలము ఐర్లండు లోని టిప్పరేరీలో తల్లివైపు బంధువుల ఇంట పెరిగినవాడు. 1970ల చివర లండనులో చెలరేగిన ‘పంక్’ సంగీతము అతని యౌవనము నాకర్షించినది. మెఱుగులేని గానము, కొలదిపాటి స్వరములు, మితిమీఱిన వేగము, దాచుకొనని కోపము పంక్ లక్షణములు. చిన్ననాడు విన్న జానపద గీతములను ఆ కోపముతో కలిపి పాడుటయే పోగ్స్ పద్ధతి. బాంజో, అకార్డియన్, రేకు పిల్లనగ్రోవి ఒకవైపు. డ్రమ్ములు, గిటార్లు మఱొకవైపు. బృందములో పలువురు ఆంగ్లేయులే యగుట గమనింపదగినది.

వారి మూడవ ఆల్బము ‘ఇఫ్ ఐ షుడ్ ఫాల్ ఫ్రమ్ గ్రేస్ విత్ గాడ్’ 1987లో స్టీవ్ లిల్లీవైట్ పర్యవేక్షణలో సిద్ధమై, 1988 జనవరిలో విడుదలైనది. అందు న్యూయార్కు నగరములో క్రిస్మసు రాత్రి కలహించుకొను ఐరిష్ దంపతుల యుగళగీత మొకటి కలదు. దానిని 1985లోనే ఆరంభించిరి. మొదట స్త్రీగళమునకు ఎంచుకొనిన సభ్యురాలు 1986లో బృందమును విడిచెను. తరువాత లిల్లీవైట్ తన భార్య కర్స్టీ మెకాల్ చేత మాదిరికై ఇంటివద్ద పాడించి తెచ్చెను. ఆ మాదిరియే అందఱి మనస్సులను గెలుచుకొనగా ఆమెయే గాయని యయ్యెను. ఆమె తండ్రి యూవన్ మెకాల్ జానపద గీతములకై దీర్ఘకాలము శ్రమించిన గాయకుడు. డబ్లిన్ వాడగు ఫిలిప్ షెవ్రాన్ వ్రాసిన మఱొక పాట ఓడలెక్కి అమెరికాకు వలసపోయిన వారిని గూర్చినది.

సంప్రదాయజ్ఞులు కొందఱు ఈ బృందమును సహింపరైరి. వారి ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. తరములు సానపట్టిన రాగమును ఒక్క కేకతో పాడుచేయవచ్చును. బృందపు తొలి పేరే ఐరిష్ భాషలో ఒక మోటు తిట్టు. అంతకంటె ముఖ్యము, ఐరిష్‌వాడనగా త్రాగుబోతని పరులు చేయు పరిహాసమునకు వీరి నడవడి బలము చేకూర్చునని పలువురు భయపడిరి. పరుల నడుమ బ్రదుకు ఏ జాతికైనను ఈ భయము సహజమే. నన్నానాడు లేవదీసినదియు ఇదియే.

అయినను 1962లో నెలకొనిన డబ్లినర్స్ అను వృద్ధ జానపద బృందము 1987లో పోగ్స్ సరసన నిలిచి ఒక పాత పాటను పాడినది. ఆ పెద్దలకు ఈ కేకలలో తమ పాట వినవచ్చినది. ఇదే ఆల్బములో, 1975లో శిక్షపడిన ‘బర్మింగ్‌హామ్ సిక్స్’ అను ఆర్గురు నిరపరాధులని చాటిన పాట యున్నది. 1988లో దాని ప్రసారమును నిషేధించిరి. 1991లో న్యాయస్థానము ఆ శిక్షలను రద్దుచేసి వారిని విడుదల చేసినది. పాత బాణీ తన కాలపు సత్యమును పలుకుట కంతకంటె నిదర్శన మేమి కావలెను?

సొమ్మునకు యజమానియగువాడు దానిని తగులబెట్టినను అడుగువాడు లేడు. కావలివాడు దానిని ముట్టరాదు. వారసు డీ ఇద్దఱిలో ఎవడును కాడు, అతడు ఋణస్థుడు. ఋషిఋణము అధ్యయనముచే తీఱునని మన పెద్దలు చెప్పిరి. కనుక వారసుడు మొదట నేర్వవలెను. పిమ్మట నేర్చినదానిలో తన బ్రదుకును పలికింపవలెను. తుదకు దానిని మఱొకని కందింపవలెను. నేర్వకుండ మార్చువాడు ఋణ మెగవేయువాడు. నేర్చియు పెట్టెలో దాచువాడు కూడ ఋణము తీర్చినవాడు కాడు.

మన చరిత్ర చెప్పునదియు నిదే. తంజావూరు సీమలోని తిరువయ్యారున త్యాగరాజస్వామి తెలుగున కీర్తనలు రచించుచుండిన కాలముననే, ఐరోపావారి వయొలిన్ బాలుస్వామి దీక్షితుల చేత మన సంగీతమున ప్రవేశించినది. నేడు వయొలిన్ లేని కచేరి అరుదు. అదే సీమలోని మేలట్టూరున తెలుగు భాగవతమేళ నాటకములను తమిళుల నడుమ నేటికిని ఆడుచున్నారు. పలుకుబడి మారినదని వానిని ఆపియుండినచో ఏమి మిగిలియుండెడిది?

మెక్‌గావన్ జీవితమంతయు ఆదర్శప్రాయమని నా భావము కాదు. మద్యపానము అతనిని నలిపివేసినది. 1991లో బృందము అతనిని తొలగించినది. 2023 నవంబరు 30న అతడు మరణించెను. డిసెంబరు 8న ఐర్లండు లోని నీనా పట్టణపు చర్చిలో అంత్యక్రియలు జరుగగా, ఆ యుగళగీతమును పాడిరి. బంధుమిత్రులు లేచి నృత్యము చేసిరి. ఇంగ్లండున పుట్టినవాని పాటను తలిదండ్రుల దేశము తన పాటగా స్వీకరించినది.

ఆ ఉగాదినాడు నేను కుఱ్ఱవానిని అడుగవలసినది వేఱు. “ఈ పాట ఎవరు నేర్పిరి నాయనా?” అని అడిగియుండవలెను. ఒత్తులు తరువాత దిద్దవచ్చును. మామ్మ పాట మనుమని నోట నిలిచినదను సంగతి నా చెవికి సోకలేదు. యాస మాత్రమే సోకినది. రాబోవు ఉగాది సభకు అతనికి నేనే స్వయముగా ఉత్తరము వ్రాసితిని. వచ్చునో రాడో తెలియదు. వచ్చినచో ఈసారి ముందు వరుసలో కూర్చుండి తుదివఱకు విందును.