గడప బయట డాక్టరమ్మ

సముద్రాలు దాటి 1883 నవంబరు 29న గుంటూరు చేరేనాటికి అన్నా సారా కుగ్లర్‌కు 27 ఏళ్లు. పుట్టింది పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో. చదివింది ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో. 1879లోనే పట్టా చేతికొచ్చింది. ఆడపిల్ల డాక్టరవుతానంటే అమెరికాలోనూ ఎగాదిగా చూసే కాలమది. అంత చదివిన పిల్లను లూథరన్ మహిళా సంఘం వైద్యానికి పంపలేదు. ఘోషా ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పడానికి పంపింది. వైద్యసేవ తలకెత్తుకోవడానికి సంఘం అప్పటికింకా సిద్ధంగా లేదు. మందులు వెంట తీసుకుపోవడానికి మాత్రం ఒప్పుకుంది.

నాకు అబ్బురం ఇక్కడే మొదలవుతుంది. వైద్యం చేయమని పిలుపొచ్చిందని నమ్మి ఇల్లు విడిచిన మనిషికి పలక పట్టుకోమని పని అప్పగిస్తే, అలిగి తిరుగు ఓడ ఎక్కెయ్యవచ్చు. ఆమె ఎక్కలేదు. తెలుగు నేర్చుకుంది. మన ఒత్తులూ గుణింతాలూ పరాయి నాలుకను ఎంత ఏడిపిస్తాయో మనకు తెలియనిదా! పొద్దున పాఠం, ఆపైన బడి పిల్లలు, ఎండ తగ్గాక లోగిళ్ల వైపు నడక. గుంటూరు ఎండ తగ్గడమంటే ఏమిటో గుంటూరువాళ్లనే అడగాలి. పంతులమ్మగా వెళ్లిన ఇంట్లో బాలింత జ్వరంతో మూలుగుతుంటే, ఆ రోజు అక్షరాలు సాగి ఉంటాయా? పేరుకు పంతులమ్మ అయినా చెయ్యి నాడి మీదికే పోయి ఉంటుందని నా ఊహ.

ఆ చెయ్యే చిక్కయింది. మ్లేచ్ఛురాలు ముట్టిన మందు మైల. నీళ్లు కలిపి ఇస్తే మరీ మైల. ఆమె గడప దాటి లోపలికొస్తే, వెళ్లాక ఇల్లు కడుక్కోవాలి. మగ డాక్టరు కంటబడడానికి పరువు అడ్డం, ఆడ డాక్టరు చేతి మందుకు మడి అడ్డం. ఆ రెండింటి మధ్య కాన్పు నొప్పులతో ఎందరు తల్లులు సొమ్మసిల్లారో ఏ లెక్కల్లోనూ దొరకదు. మిషనరీ రచనల్లో ఆ స్త్రీలను చీకట్లో మగ్గేవాళ్లుగా చూపించడం పరిపాటి. నాకది రుచించదు. పరాయిదాన్ని నమ్మి ప్రాణం అప్పజెప్పే ముందు వాళ్లు ఆమెను కన్నార్పకుండా పరీక్షించారు, అంతే. ఆమె ఆ పరీక్షకు నిలబడింది. సువార్త చెప్పడానికే వచ్చానన్నది ఎన్నడూ దాచలేదు. అలాగని మందుకు దాన్ని ధరగానూ పెట్టలేదు.

విశ్వాసం కొండలను కదిలిస్తుందని చదువుకుని వచ్చిన అమ్మాయికి గుంటూరు నేర్పిన విశ్వాసం వేరు. గుమ్మం బయట నిలబడటం, పిలిచిన రోజున లోపలికి వెళ్లటం, పిలవని రోజున మర్నాడు మళ్లీ రావటం. సముద్రం దాటటానికి ధైర్యం ఒక్కసారి చాలు. గడప దగ్గర అది ప్రతి ఉదయమూ కావాలి. 1885 డిసెంబరులో సంఘం ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. కాగితం వచ్చేటప్పటికే ఊరు ఆమెను డాక్టరమ్మను చేసేసిందని నేననుకుంటాను.

ఆమె తలపెట్టిన ఆసుపత్రికి 1893లో పునాదిరాయి పడింది. తలుపులు తెరుచుకున్నది 1898లో. ఇటుకకూ సున్నానికీ విరాళాలు కూడబెట్టాలి మరి. పేరు నిలబెట్టే పనుల్లో సగం చందాల పుస్తకం పట్టుకు తిరగడమే కదా! తర్వాతి రోజుల్లో ప్రభుత్వం కైసరే హింద్ పతకాలిచ్చింది. అవి ఉండనీండి.

నా మనసు ఆగిపోయేది ఏలూరు జమీందారు భుజంగరావు దగ్గర. తన ఇంటి ఇల్లాలిని ఈ డాక్టరమ్మ వైద్యంతో కాపాడుకున్నాడాయన. కృతజ్ఞత ఎలా చూపాలి? మతం మార్చుకోలేదు. రోగుల వెంట వచ్చే బంధువులు బస చేయడానికి ఆసుపత్రి దగ్గర ఒక సత్రం కట్టించాడు. ఎవరి పొయ్యి వారిది, ఎవరి మడి వారిది. ఏ మడి ఆమెను ఏళ్ల తరబడి గడప బయట నిలబెట్టిందో ఆ మడికే ఆమె ఆసుపత్రి పక్కన చోటు దొరికింది. కుల నియమాలు ఆమెకు నచ్చి కాదు. అత్తగారు మడికట్టుకుని వంట చేసుకోగలిగితేనే కోడలు కాన్పుకు వస్తుంది, వస్తేనే బతుకుతుంది.

1930 జూలైలో, 74 ఏళ్ల వయసులో, ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. కుగ్లర్ అన్న ఆ జర్మన్ మూలపు పేరు గుంటూరు రిక్షావాళ్ల నోట అచ్చ తెలుగు ఇంటిపేరులా పలికింది.